దగ్గు కోసం కాచుకున్న రోజులు

నిన్న శూళగిరిలో పంక్చర్ అంగడి ముందు నిలబడితే రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. వెంటనే కనకమ్మక్క మీద పాత విసుగంతా తిరిగి వచ్చింది. ఎనభైల్లో హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుగా చేరినప్పుడు ఆమె మా పెద్ద సిస్టర్. చేత్తో పిండి రోగికి గాలి అందించే నల్ల రబ్బరు సంచి ఎప్పుడూ ఆమె చేతికందేంత దూరంలోనే ఉండేది.

కుందారపల్లి దగ్గర లారీ బోల్తాపడి తలకు దెబ్బ తగిలిన మునియప్పను మా దగ్గరికి తెచ్చారు. పది రోజులు మిషనే అతనికి ఊపిరి పోసింది. ఆ తర్వాత మిషన్ మాన్పించడం మొదలుపెట్టాం. గొంతులో గొట్టం అలాగే ఉంచి, రోజూ కాసేపు మిషన్ తీసి, సొంతంగా పీల్చనివ్వాలి. దానికి కూడా కనకమ్మక్కది ఒక పద్ధతి, నా ప్రాణానికి!

"ఆయప్ప ఎదురొమ్ము మీద చెయ్యి పెట్టు. ఆయప్ప పీల్చినప్పుడే నువ్వూ పీల్చు. నీకు ఆయాసమొస్తే ఆయప్ప అలిసినట్టే. మిషన్ తగిలించు."

ఐదు నిమిషాలు, పది, అరగంట. నాకు తల తిరిగేది. గడియారం చూస్తే చాలదా అక్కా అంటే, "గడియారానికి ఆయాసమొస్తుందా?" అనేది.

చివరికి మునియప్ప పగలంతా సొంతంగా పీల్చాడు, కళ్ళూ తెరిచాడు. అయినా గొట్టం తీయనివ్వలేదు మహాతల్లి. అతని భార్య లక్ష్మమ్మ బతిమాలింది. "కండ్లు తెరిచినాడు కదమ్మా, ఇంకా ఆ గొట్టం యాల?"

"కండ్లు తెరిస్తే చాలదమ్మా. గొట్టం తీసినాక కఫం తనే కక్కుకోవల్ల. గట్టిగా దగ్గల్ల."

మూడు రోజులు అదే పాట. ఆమెకు చాదస్తం, నాకు చాకిరీ. నాలుగో రోజు ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, గొట్టంలోంచి కఫం లాగుతుంటే మునియప్ప గొంతు కాస్త కదిలింది. అంతే. చార్టులో 'దగ్గు బాగుంది' అని రాసేశాను. డాక్టరు అది చూసి గొట్టం తీశారు.

అరగంటలో మునియప్ప పెదాలు నీలమయ్యాయి. కనకమ్మక్క పరుగెత్తుకొచ్చి కఫం లాగి, రబ్బరు సంచి నా చేతిలో పెట్టింది. "నీ చేత్తో రాసినావు కదా. నీ చేత్తోనే పిండు."

డాక్టరు వచ్చి మళ్ళీ గొట్టం వేసేదాకా పిండాను. లక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను రాసింది అబద్ధమని డాక్టరుకు నేనే చెప్పాను. మర్నాడు ఐదు నిమిషాల నుంచి మళ్ళీ మొదలు.

వారం తర్వాత మునియప్ప మంచం అదిరేలా దగ్గాడు. కఫం ఎగిరొచ్చి నా చెంప మీద పడింది.

"ఇప్పుడు రాయి" అంది కనకమ్మక్క, నవ్వకుండా.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా కింద పనిచేసే అమ్మాయిలు 'దగ్గు బాగుంది' అని రాసిన చార్టు తీసుకొస్తే, "నువ్వు విన్నావా?" అని అడిగి, మళ్ళీ రోగి దగ్గరికి పంపుతాను. నా వెనక పళ్ళు కొరుకుతారు, నాకు తెలుసు. కొరకనీ.