పేరు తీసిన మధ్యాహ్నం

దయ్యాలను, చేతబడిని, బాణామతిని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మొద్దని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. జగిత్యాలలో ఒక బడిలో ఫిజిక్స్ చెప్తాను. కొడిమ్యాల వైపు ఏ పల్లెలోనైనా ఫలానా ముసలామె మంత్రాలు చేస్తోందని గుసగుస మొదలైతే, మేము నలుగురు టీచర్లం ఆదివారం పూట అక్కడికి పోయేవాళ్లం. నిమ్మకాయ కోసి రక్తం కార్చేవాళ్లం, కొబ్బరికాయ మీద నీళ్లు చల్లి మంట పుట్టించేవాళ్లం. ఆ తర్వాత అందులో ఏ మందు వాడామో విప్పి చూపించేవాళ్లం. అలాంటి గుసగుసలకే మనుషులను కట్టేసి కొట్టిన ఊళ్లున్నాయి. అందుకే నాకది వినోదం కాదు, కోపం.

ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి సారుకు మతి తప్పిందని అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోండి. నేను కూడా కొన్నాళ్లు అదే అనుకున్నాను.

మా అక్క గంగమణి కోరుట్లలో బీడీలు చుడుతుంది. బావ రాజేశం సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కూలి గిట్టక గల్ఫ్ పోయాడు. మొదట్లో ఫోన్లు వచ్చేవి. తర్వాత కంపెనీ మూతపడిందని, పాస్‌పోర్టు చేతిలో లేక దొంగచాటుగా పని చేస్తున్నాడని తెలిసింది. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

బావకు ఒక అలవాటు ఉండేది. తెగిన పోగు కంటబడితే ఊరుకోలేడు. కుడిచేత్తో అన్నం తింటూనే, కూతురి గౌనుకు దారం వేలాడుతుంటే ఎడమచేత్తో అందుకుని ముడేసి, కొసలు పంటితో కొరికేసేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. "మగ్గం చెయ్యి ఊకుంటదా బామ్మర్దీ" అని నవ్వేవాడు.

అక్క బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. మా దగ్గర పెత్తరమాస నాడు, అంటే పెత్తర అమావాస్యకు, పోయినవాళ్ల పేరిట బియ్యం, కూరగాయలు దానమిస్తారు. ప్రతి పెత్తరమాసకు బావ వాళ్ల అన్న వచ్చి గొడవ పెట్టుకునేవాడు. బియ్యమియ్యకపోతే తమ్ముడు ఆకలికి తిరుగుతాడని ఆయన బాధ. అక్కది ఒకటే మాట, "బతికున్నోనికి బియ్యమిస్తరా?" ఇస్తే తన చేత్తో తానే మొగుణ్ణి చంపుకున్నట్టు. ఇవ్వకపోతే, ఒకవేళ ఆయన నిజంగానే లేకపోతే, ఆకలితో తిప్పుతున్నట్టు. ఆ రెండింటి మధ్య అక్క నలిగి సగమైపోయింది.

ఇంకో సంగతి. పెళ్లయిన నాటి నుంచి అక్క బావ పేరు పలకలేదు. రేషన్ కార్డు దగ్గర అడిగినా నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. మొగుని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నూరిపోసిన మాట. నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు.

కిందటేడు మేనకోడలు నవ్య హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చింది. ఆఫీసు పని ఇంట్లోనే చేసుకోమన్నారట. కొన్నాళ్లకు అక్క తోటికోడలు నాకు ఫోన్ చేసింది. "నవ్య అర్రల తలుపేసుకొని ఉప్పు పోస్తుంది, కొవ్వొత్తులు ముట్టిస్తుంది. వాడకట్టుల మాటలైతున్నయి తమ్మీ, జర సూడు" అంది. అలాంటి మాటలు మొదలైతే ఎక్కడిదాకా పోతాయో నాకు తెలుసు. భయమేసి, బడికి సెలవు పెట్టి కోరుట్ల బస్సెక్కాను.

నవ్య గదిలో చిన్న బల్ల మీద ఉప్పు గిన్నె, నీళ్ల గిన్నె, కొవ్వొత్తి, ఒక నెమలీక ఉన్నాయి. ఇదేందని అడిగితే విక్కా అంది. హాస్టల్లో ఒక స్నేహితురాలి దగ్గర మొదలుపెట్టిందట. నేను తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చొని, పిల్లలకు మౌఖిక పరీక్ష పెట్టినట్టు ఒక్కొక్కటే అడిగాను.

పాతకాలపు నమ్మకాలను పోగుచేసి పడమటి దేశాల్లో ఈ మధ్యనే కట్టుకున్న మతమట. అందులో సైతాను లేడు. ఒక దేవత, ఒక దేవుడు. చంద్రుడు పెరగడం, తరగడం, రుతువులు మారడం, వాటి వెంట పండుగలు. మట్టి, గాలి, నిప్పు, నీళ్లు నాలుగు దిక్కులకూ కాపలా. పూజకు ముందు చుట్టూ ఒక వలయం గీసుకుంటారు. మధ్యలో ఎవరైనా రావాలన్నా పోవాలన్నా ఆ వలయానికి ఒక తలుపు కోయాలి, పనయ్యాక మూసేయాలి. కొత్తగా చేరినవాళ్లు ఏడాది పైన ఒక రోజు నేర్చుకోవడం చాలామంది పాటించే పద్ధతి. నవ్యకు ఆ ఏడాది ఇంకా నిండలేదు.

"అన్నిటికన్న పెద్ద నియమం ఒక్కటే మామా" అంది. "ఎవ్వలికి కీడు చెయ్యకుండ ఏమన్న చేస్కో. మనం చేసింది మూడింతలై మనకే తిరిగస్తది అంటరు."

"మట్టి, నీళ్లు, నిప్పు, అమ్మోరు. మీ అమ్మమ్మ పోచమ్మ కాడ చేసిందే గదనే. ఇంగ్లీషుల నేర్చుకున్నవా?" అన్నాను.

"అమ్మమ్మ ఎందుకో చెప్పలే. వీళ్లు చెప్తున్నరు" అని నవ్వింది. పిల్లకు ఏమీ కాలేదని నాకు ధైర్యం వచ్చింది. తలుపు మూయకు, అడిగితే ధ్యానం చేసుకుంటున్నానని చెప్పు అని జాగ్రత్తలు చెప్పి లేచాను.

అప్పటిదాకా గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అక్క తలెత్తింది. "గందుల పోయినోళ్లను పిలుసుడు ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

ఉంది. మౌన భోజనం అంటారట. పంటలు ఇంటికొచ్చాక వాళ్లకొక పండుగ వస్తుంది. ఆ రోజు పోయినవాళ్లకు ఒక కంచం పెట్టి, పేరుతో పిలిచి, మాట్లాడకుండా వాళ్లతో కలిసి తింటారు. అది పోయినవాళ్లకే గాని బతికున్నవాళ్లకు కాదని నవ్య గట్టిగానే చెప్పింది. తనకింకా పూర్తిగా రాదని కూడా చెప్పింది.

"వస్తే పోయినట్టు, రాకుంటే ఉన్నట్టు. నాకు గంత తెలిస్తే సాలు" అంది అక్క.

నవ్య నా వైపు చూసింది. నేను సరేనన్నాను. ఎవరూ రారు, ఏమీ జరగదు. అప్పుడు బావ బతికే ఉన్నాడనుకుని అక్క మనశ్శాంతిగా ఉంటుంది, బియ్యం గొడవ కూడా తీరుతుంది. నా లెక్క అది. మన దగ్గర పెద్దలు వచ్చేది పెత్తరమాస నాడు కాబట్టి ఆ రోజే పెడదామని నవ్య అంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూర్చున్నాం. ఎండ కిటికీలోంచి గదంతా పడుతోంది. గదికి ఒకటే తలుపు, గడియ నేనే పెట్టాను. బావ పెట్టెలో ఒక పాత దారం కండె దొరికితే, నవ్య ఆ దారాన్నే మా చుట్టూ వలయంగా పరిచింది. తలుపు వైపు కత్తెరతో కోసి, జానెడు సందు వదిలింది. ఆ సందుకు ఎదురుగా బావ కంచం పెట్టింది. అక్క బువ్వ, వంకాయ కూర, పచ్చిపులుసు వడ్డించింది.

ఇక పేరు పెట్టి పిలవాలి. నేను పిలుస్తానని నవ్య అంది. అక్క వద్దని చెయ్యి ఊపి, కొంగు తల మీదికి లాక్కుంది. తర్వాత మామూలుగా, పక్క గదిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు, "రాజేశం" అంది. ఆ పేరు అక్క నోట వినడం నాకదే మొదటిసారి.

తలలు వంచుకుని తిన్నాం. నాకు మాత్రం దొంగచూపు అలవాటు కదా, కంచాన్ని కనిపెడుతూనే ఉన్నాను. మెతుకు కదల్లేదు. ఎవరూ లేవలేదు. నేను నవ్వు ఆపుకున్నాను కూడా. అన్నం అయ్యాక నవ్య కొవ్వొత్తి ఆర్పి, దారం తీయడానికి సందు వైపు వంగి అలాగే ఉండిపోయింది.

సందు లేదు. కోసిన రెండు కొసలూ కలిసి ఉన్నాయి. మధ్యలో ఆవగింజంత ముడి. దాని కొసలు కత్తిరించినట్టు లేవు, కొరికినట్టున్నాయి. నేను వేలు పెట్టి చూశాను. తడిగా ఉంది.

అక్క కాళ్లు చాపి మెట్టెలు తీసి, ఆ కంచం పక్కన పెట్టింది.

తర్వాత ఆ ఇద్దరి చేతా అలాంటి ముడి వేయించి చూశాను. నవ్య మామూలుగా రెండు మెలికలు వేసింది. అక్క బీడీకి చుట్టినట్టు చుట్టింది. నాకూ రాలేదు. మా తాతతోనే మా ఇంట్లో మగ్గం పని పోయింది. అయినా మనసు ఒప్పుకోక, ముడి ఉన్న దారం ముక్కను జేబులో వేసుకుని సిరిసిల్ల పోయాను. బావ పక్కన సాంచాలు నడిపిన మల్లయ్య ఇంకా అదే షెడ్డులో ఉన్నాడు. ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టి, ఇది ఎవరైనా వేయగలరా అని అడిగాను.

ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఎడమచెయ్యి ముడి" అన్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, సాంచాల చప్పుడులో గట్టిగా అడిగాడు. "రాజేశం అచ్చిండా? ఎప్పుడచ్చిండు?"

ఆయన చేతిలోంచి దారం ముక్క తీసుకుని బయటికొచ్చాను. బస్టాండుకు ఎట్లా నడిచొచ్చానో గుర్తులేదు.

దసరా పోయాక రాయికల్ మనిషి ఒకడు బావ సంచి పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. గల్ఫ్ నుంచి అప్పుడే దిగాడు. బావకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, కాగితాలు లేక, ఎవరో తెలియక ఏళ్ల తరబడి అక్కడొక ఆసుపత్రిలో ఉన్నాడట. ఈ మధ్యే మాట తిరిగొచ్చి ఊరి పేరు చెప్పాడు. ఈ మనిషి అక్కడ ఊడ్చే పనిలో ఉండి, తెలుగు విని పలకరించాడు. బావ నడవడం కూడా మొదలుపెట్టాడట.

"ఇంటికి పంపెతందుకు కాయితాలు అయితుండె అక్కా. ఇంటికి పోయినంకనే మాట్లాడుత, ఫోన్ల ఏడుస్తరు అన్నడు" అన్నాడు. "గా దినం పగటి బువ్వ పెట్టిండ్రు. పళ్లెం ముందల పెట్టుకున్నడు. ఎవలో పిలిసినట్టు తలకాయ లేపిండు. గంతే, ఒరిగిండు. ఆడనే మట్టి చేసిండ్రు."

ఏ దినమని అక్క అడిగింది.

"పెత్తరమాస. మేం రూముల పెద్దలకు బువ్వ పెట్టుకున్నం, గందుకే యాదికున్నది."

నేను లెక్కల్లో పడ్డాను. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. ఏ టైముకు జరిగింది, ఎవరు చూశారని గుచ్చి గుచ్చి అడిగాను. చివరికి ఆ మనిషికి కోపమొచ్చి, "సచ్చినోని గడియారం ఎవలు సూస్తరు సార్" అన్నాడు.

నవ్య ఉప్పు గిన్నె, కొవ్వొత్తి, ఈక అన్నీ డబ్బాలో పెట్టి కట్టేసింది. కీడు చేయొద్దన్నదే కదా మామా నియమం అని ఒక్కసారి అంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కర్మ నాడు అయ్యగారు పోయినాయన పేరు అడిగాడు. అలవాటు కొద్దీ అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా అక్కే చెప్పింది. ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు సైన్సు సారువు గద తమ్మీ, నిజం చెప్పు. నేను పేరు తీయకుంటే ఆయన ఇంటికచ్చేటోడా?"

దానికీ దీనికీ సంబంధం లేదక్కా అన్నాను. బడిలో చెప్పినంత గట్టిగానే చెప్పాను. కానీ నాకు తెలియదు. చనిపోయాడు కాబట్టి వచ్చాడా, పిలిచాం కాబట్టి చనిపోయాడా, గడియ పెట్టిన గదిలో ఆ ముడి ఎవరు వేశారు, ఈ రోజు వరకూ తేల్చుకోలేకపోయాను. దారం ముక్క మా బీరువాలో ఉంది. తడి ఎప్పుడో ఆరిపోయింది.

అక్క ఇప్పుడు బీడీలు చుడుతూ బావ పేరు పెట్టే మాట్లాడుతుంది. రాజేశం గిట్ల తినేటోడు, రాజేశం గట్ల నవ్వేటోడు అంటుంది. వాడకట్టు ఆడవాళ్లలో ఒకామె, గట్ల పేరు తీయద్దక్కా అంటే, అక్క చాటలోంచి తలెత్తకుండానే చెప్పింది.

"ఇంక తగ్గెతందుకు ఏమున్నదే."