ఖాదరన్న చదివిన కాగితం

మొన్న బ్యాంకులో ఒకాయన వేలిముద్ర వేస్తుంటే, ఆ సిరా వాసనకు ఒమాన్‌లోని ఇబ్రి క్యాంపు గుర్తుకొచ్చింది. తొంభైల మొదట్లో అక్కడ నేను కూలీని. మా రూమ్‌లో పెద్దవాడు ఖాదర్‌వలీ అన్న. కడప మనిషి, సైట్‌లో వడ్రంగి.

ఆయన దగ్గర అట్ట ఊడిన తెలుగు పుస్తకం ఒకటుండేది. నూరేళ్లకు పైగా వెనక అమెరికాలో బతికిన ఒక వకీలు కథ. ఆ పరాయి పేరు మా నోట తిరగదు కాబట్టి మాకాయన వకీలుసాబే. పొలం పనుల మధ్య తనంతట తాను లా చదివి, గుర్రం మీద ఊరూరి కోర్టులు తిరిగి, శాసనసభకు గెలిచి, జనానికి నచ్చని మాట చెప్పి ఓడిపోయి, మళ్లీ వకీలు పనికే వచ్చాడు. శుక్రవారం భోజనాలయ్యాక ఖాదరన్న చదివి వినిపించేవాడు. తన పొరపాటుతో ఒక రైతు కేసు పోయినప్పుడు వకీలు పదిమైళ్లు వెళ్లి ఆ రైతుకు తన తప్పు తానే చెప్పుకున్నాడన్న చోట మేం నవ్వాం.

"గట్ల ఎవడు చెప్తడన్నా? జడ్జి మీద తోసేస్తడు గని" అన్నాను.

"అందుకే నువ్వు పుస్తకంలోకి ఎక్కలేదప్పా" అన్నాడు.

ఖురాన్ చదువుతాడు కదా అని అరబ్బీ కాగితాలన్నీ ఆయనకే ఇచ్చేవాళ్లం. గడగడా చదివేవాడు. చదవడం వేరు, అర్థం కావడం వేరని మాకు తట్టలేదు. ఆయనా చెప్పలేదు.

మా రూమ్‌లోని జగిత్యాల మల్లయ్య, తన భార్య ఆపరేషన్ కోసం రెండు నెలల సెలవు అడిగితే ఆఫీసువాళ్లు ఒక కాగితం ఇచ్చారు. ఖాదరన్న అందులో సెలవు అన్న ఒక్క మాట గుర్తుపట్టి, "చుట్టీ కాగితమే, ఏలుముద్ర ఎయ్యి" అన్నాడు. "ఎయ్యరాదు మల్లన్నా, ఆలస్యమెందుకు" అని తొందరపెట్టింది నేను.

వారం తర్వాత ఆఫీసు గుమాస్తా ఖాదరన్నకు అసలు సంగతి చెప్పాడు. అది వీసా రద్దు కాగితం. ఇక సెలవేదీ మిగల్లేదన్న వరుసలో ఉందట ఆ 'సెలవు' మాట. ఖాదరన్న మేనేజర్‌ను బతిమాలాడు. కాగితం అప్పటికే మస్కట్‌లోని పెద్దాఫీసుకు చేరింది. ఖాదరన్న నేరుగా సైట్‌కొచ్చి, అందరి ముందూ మల్లయ్య ఎదుట నిలబడ్డాడు.

"నాకు అరబ్బీ చదవడం వస్తాది గానీ అర్థం గాదు మల్లయ్యా. మీరు నమ్ముతాంటే బాగుండి ఊరుకున్నా. నీ పని నేను పోగొట్టినా."

మల్లయ్య కొడతాడేమోనని భయం వేసింది నాకు. అతను జేబులోంచి మడిచిన ఇంకో అరబ్బీ కాగితం తీశాడు. పొద్దునే ఆఫీసులో ఇచ్చారట.

"మరి గిదేందన్నా?"

ఖాదరన్న దాన్ని చదవలేదు. "తెలీదు. పోయి అడుగుదాం పా" అన్నాడు.

మల్లయ్య ఆ నెలలోనే వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. ఇప్పుడు మా ఊళ్లో నేను నలుగురికీ దరఖాస్తులు రాసిపెడతాను. తెలియని చోట తెలియదంటాను. అది ఖాదరన్న నేర్పిందే. తొందరపెట్టిన సంగతి మాత్రం ఆ రోజు నేను నోరు విప్పి ఒప్పుకోలేదు. మల్లయ్యకు చెప్పుకోవలసిన ఆ ఒక్క మాట ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.