తమ్ముడి రా ఫైళ్లు

పాల్వంచ దాటాక బస్సులో ల్యాప్‌టాప్ తెరిచాను. చనిపోయిన తమ్ముడు అడవిలో తీసిన నక్షత్రాల ఫోటోలను జేపెగ్‌లోకి మార్చి, కెమెరా ఇచ్చిన అసలు రా ఫైళ్లను తీసేయబోతున్నాను. భద్రాచలం వచ్చేలోగా ఆ పని వదిలించుకోవాలని నా తొందర.

పక్క సీట్లోని పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఊరుకోలేకపోయాడు.

"ఏంది సార్, పెండ్లి ఫోటోలనుకున్నరా? జేపెగ్ చేస్తే సన్న చుక్కలన్నీ చీకట్ల కలుస్తయ్. మళ్ల రావు."

"రా ఫైల్లోనూ నలుపే కదా?"

"జర ఇటియ్యున్రి."

రా ఫైలు తెరిచి వెలుగు పెంచాడు. నల్లగా ఉన్నచోట, చెట్ల పైన, చుక్కలు గుంపుగా తేలాయి. జేపెగ్‌లో పెంచితే మచ్చలే వచ్చాయి.

"ఎవరు తీసిన్రు?"

"మా తమ్ముడు."

"మంచిగ తీసిండు. ఆయన్ని అడగకుండ ఒక్కటి గూడ తీసెయ్యకున్రి."

అడుగుతానన్నాను. ఆ ఫైళ్లు ఇంకా ఉన్నాయి.