ఆవు చెవిలో చెప్పిన మాట

పశువుల ఆసుపత్రికి వచ్చేవాళ్ళందరూ మొదట దండం పెట్టేది కాంపౌండరు మీసాలకే. డాక్టరు ఆ పక్కనే ఉండేది, మోకాళ్ళు దాటిన కోటులో, జానెడు మనిషి. డాక్టరంటే ఆరడుగుల మగవాడేనని ఆ కోటు కుట్టినవాడి నమ్మకం మరి! పైగా ఆవిడ ఎక్కడో కొండల్లో పుట్టింది. ఇంటి భాష వేరు. చదువుకునే రోజుల్లో తోటివాళ్ళు ఆటపట్టిస్తే, ఆ భాషను పాత బట్టల్లా పెట్టె అడుక్కి తోసేసింది. పశువుల దగ్గర మాత్రం బయటికి తీసేది. అవి వెక్కిరించవు కదా.

ఒక ఉదయం పాలవాడు రొప్పుతూ వచ్చాడు. అతనికి ఉన్నది ఒక్కటే ఆవు, అదీ తొలిచూలు. ఎంతసేపు నొప్పులు పడినా దూడ బయటికి రావడం లేదు.

"డాక్టరుగారూ, మీరే కాపాడాలి!" అన్నాడు మీసాలతో.

"డాక్టరు ఆవిడయ్యా," అన్నాడు కాంపౌండరు విసుగ్గా.

పాలవాడు ఆవిడను ఎగాదిగా చూశాడు. "ఈ అమ్మాయా? మా ఆవు ఒక్క తన్ను తన్నిందంటే ఎగిరి అవతల పడుతుంది!"

"పడితే లేస్తాలే బాబాయ్, ముందు పద," అంది డాక్టరు.

కొట్టంలో ఆవు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. మీసాలాయననైతే గోడకు నొక్కేసింది. డాక్టరు దాని చెవి దగ్గర చేరి తన భాషలో ఏదో చెప్పింది.

"వైద్యానికొచ్చిందా, మంత్రాలేయడానికొచ్చిందా?" అని పాలవాడు సణిగాడు.

ఆవు మాత్రం చెవులు వాల్చి నిలబడింది. సబ్బు రాసుకున్న సన్నటి చెయ్యి భుజం దాకా లోపలికి వెళ్ళింది. వెనక్కి మడతపడిన దూడ కాలును దొరకబుచ్చుకుని, గిట్ట లోపల గీరుకోకుండా అరచేత్తో మూసి, మెల్లగా ముందుకు తెచ్చింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ, దూడ గడ్డి మీద పడి తుమ్మింది. పాలవాడు పైకే ఏడ్చేశాడు.

వారం తిరక్కుండా మళ్ళీ ఊడిపడ్డాడు. ఈసారి మీసాల వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"డాక్టరమ్మా, ఆవు పాలు పితకనివ్వడం లేదు. ఆ రోజు దాని చెవిలో చెప్పారే, ఆ మాట నాకూ నేర్పండి."

"మందొద్దా?"

"మందెందుకమ్మా? ఆ మాట చాలు."

ఆవిడ మందు చీటీ పక్కన పెట్టేసింది. చిన్నప్పుడు జడ వేస్తూ అమ్మ అనే మాట అది: కదలకు బంగారం, అయిపోవచ్చింది.

చెప్పింది. పాలవాడు తప్పుగా పలికాడు. కాంపౌండరు మధ్యలో దూరి ఇంకా ఘోరంగా పలికాడు. ఆవిడ పడీపడీ నవ్వి, మళ్ళీ గట్టిగా చెప్పింది. కిటికీ తెరిచి ఉన్న సంగతే పట్టించుకోలేదు.

పాలవాడు ఆ మాటను వల్లె వేసుకుంటూ వీధిలోకి నడిచాడు. ఎదురుగా వచ్చినవాడెవడో కిసుక్కుమన్నాడు. "అదేం భాషయ్యా?"

"మా డాక్టరమ్మ భాష," అన్నాడు పాలవాడు, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "ఏం, నవ్వొస్తోందా?"