చదవకుండా మిగిలిన పదేళ్లు

మీరు పుస్తకాలు దాచారు. మీరు చదవలేదు, చదివేవాళ్లకి ఇవ్వలేదు. తాతగారి పేరు చెప్పుకుని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. దసరాకొకసారి తాళం తీసి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ వేశారు. ఈ పత్రికకి చందా కట్టి, ఇందులో నాబోటివాళ్లు రాసే పెద్ద పెద్ద మాటలకి తల ఊపుతూ కూడా ఆ తాళం తియ్యలేదు. మిమ్మల్నే అంటున్నాను, వెనక్కి తిరిగి చూడకండి.

మా టీచరమ్మ కిందటి శనివారం తెల్లవారుతుండగా పోయారు. గుంటూరు ఆసుపత్రిలో ఇక లాభం లేదంటే ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాం. ఆవిడ తలపెట్టిన చదువులో ఒక్క పుస్తకం మిగిలిపోయింది. అది లోకంలో ఎక్కడా లేకపోతే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఉంది. పొద్దున సైకిలెక్కితే మధ్యాహ్నానికి పోయి రాగలిగినంత దూరంలో ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యేచోట, పత్తి, మిరప తప్ప కంటికి మరేం ఆనని నల్లరేగడిలో మా ఊరు. ఊరికి తూర్పున, కాలవ అవతల మా పల్లె. పల్లెలో చర్చి పక్కన మిషనువాళ్ల ఎలిమెంటరీ స్కూలు. ఆ స్కూలుకి ముప్ఫై ఏళ్లకు పైగా ఆవిడ ఒక్కరే పంతులమ్మ. పల్లెలో చదువు అబ్బినవాడికీ అబ్బనివాడికీ కూడా పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది ఆవిడే. నాకూ అంతే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో స్కూలు చూడటానికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడట. అప్పటికి టీచరమ్మ ఉద్యోగంలో కొత్త. పిల్లలకి నాలుగు కథల పుస్తకాలు ఇప్పించమని అడిగితే, మీవాళ్లకి బైబిలు ఉందిగా, మిగతావాటితో వీళ్లకేం పని అని నవ్వేసి పోయాడట. ఆ సాయంత్రం ఆవిడ చర్చి మెట్ల మీద కూర్చుని ఆలోచించారు. మా పల్లెలో మొట్టమొదట అక్షరం నేర్చినవాడు ఆవిడ తాత. మిషను దొరల బడిలో ఇసకలో వేలితో దిద్దాడు. ఆయన దిద్దిన ఆ పదేళ్ల దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా, ప్రతి పదేళ్లలోనూ తెలుగులో అచ్చయిన పుస్తకాల్లో ఒక్కటన్నా పల్లె వినాలి. ఇదీ పందెం. ఎవరితో పందెం అండీ అని నేనొకసారి అడిగితే, "ఆ నవ్వుతో" అన్నారు.

చూశారా, "వినాలి" అన్నాను. ఆవిడ ఒక్కరే చదువుకుంటే ఆ పదేళ్లు గడిచినట్టు కాదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పదిమందికీ చదివి వినిపించాలి. ఎప్పుడు, ఎక్కడ? పగలు కూలిపని, రాత్రి నిద్ర. మధ్యలో ఖాళీ ఎక్కడుంది మావాళ్లకి? ఆవిడే ఒకచోటు కనిపెట్టారు. మిరపకాయలు కోసి కల్లంలో ఎండబోశాక ఆడవాళ్లు తాటాకు పందిరి కింద కూర్చుని కాయలు ఏరతారు. ఎర్రకాయ ఒక కుప్ప, రంగు మారిన తాలుకాయ ఒక కుప్ప. చేతులకే పని, చెవులు ఖాళీ. స్కూలు వదిలాక ఆవిడ అక్కడికి పోయి, కాయల కుప్పకి గాలివాటం చూసుకుని ఎగువన కూర్చుని చదివేవాళ్లు. ఘాటుకి గొంతు పట్టుకోకుండా నోట్లో చిన్న బెల్లం ముక్క. నాలుగు వాక్యాలు, ఒక దగ్గు. పందిరి కింద అందరిదీ అదే వరస కాబట్టి కథలో ఎవరు చచ్చిపోయినా అందరూ కలిసి దగ్గేవాళ్లు.

పని సాగదని మొదట్లో రైతులు విసుక్కున్నారు. పుస్తకం ఉన్న కల్లానికి కూలీలు ముందుగా వస్తున్నారని తెలిశాక, మా కల్లంలో చదవండి టీచరమ్మా అంటూ వాళ్లే కబురు పెట్టడం మొదలెట్టారు. సాహిత్య సేవ అంటే ఇది. మీ సన్మాన సభలు కాదు.

ఆవిడ ఇవాళ్టి నుంచి వెనక్కి నడిచారు. కొత్త పుస్తకాలు సులువుగా దొరుకుతాయి, పాతవి వెతుక్కోవాలి గనక. కానీ వెనక్కి నడుస్తున్నకొద్దీ ముందువైపు కాలం పెరిగిపోతూ ఉంటుంది కదా. ఇటు కొత్త పదేళ్లు మొదలైతే అటు పాతదాన్ని ఆపి, కొత్తది చదివి, మళ్లీ వెనక్కి పోవాలి. కొన్నేళ్లు వానలకి కల్లాలే లేవు. భర్త పోయిన ఏడాది ఆవిడకి గొంతు లేవలేదు. ఒక్కొక్క పదేళ్లు గడవటానికి ఒక్కోసారి మూడు నాలుగేళ్లు పట్టింది.

పుస్తకం అయిపోయాక తీర్పు ఉండేది. బాగుంటే ఎర్రకాయ, లేకపోతే తాలు. తీర్పు చెప్పటంలో పెద్ద నోరు సువార్తమ్మది. కూలికి పోయేవాళ్లకి ముఠా మేస్త్రీ ఆవిడ, ఎవరికీ జడిసే మనిషి కాదు. ఒక నవలలో నాయిక విరహంతో మంచం పట్టింది. దాసి పక్కన కూర్చుని విసురుతోంది. ఆ వర్ణన రెండు రోజుల పాటు సాగింది. మూడో రోజు సువార్తమ్మ కాయలు ఏరటం ఆపి, "టీచరమ్మా, ఆ విసిరే మనిషి పేరేంటి?" అంది. టీచరమ్మ పేజీలు వెనక్కి తిప్పారు. ముందుకి తిప్పారు. లేదు. "పేరు పెట్టలేదే" అన్నారు. "చేతులు పడిపోయేట్టు విసిరించుకున్నాడు, పేరు పెట్టటానికి ఏమొచ్చింది ఆయనకి? తాలు" అంది సువార్తమ్మ. తీర్పు అయిపోయింది.

నేనేం తక్కువ తిన్లేదు. ఒంగోల్లో ఉద్యోగం, నాలుగు పత్రికల్లో పేరు వచ్చాక, జమీందార్ల ప్రేమకథలు మీకెందుకండీ అని ఆవిడతో దెబ్బలాడి, కూలివాళ్ల పోరాటం మీద ఒక నవల పట్టుకుపోయి చదివించాను. నాకు ప్రాణమైన పుస్తకం అది. సగంలోనే గుసగుసలు. అయిపోయాక తాలు. నాకు కోపం వచ్చింది. టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నీ పుస్తకంలో అందరూ ఉపన్యాసాలిస్తారు గానీ ఎవరూ అన్నం తినరేంట్రా? కూలివాళ్లు ఒక్కసారి కూడా నవ్వరేం? మావాళ్లని చూడు" అన్నారు. చూశాను. పందిరి కింద నన్ను చూసే నవ్వుతున్నారు.

దేవుడి సంగతిలో మాకు ఏ రోజూ కుదరలేదు. నేను లేడంటాను, ఆవిడ నా కోసం ప్రార్థన చేస్తారు. నువ్వు నాతో వాదించు, ఆయనతో నేను మాట్లాడుకుంటాలే అనేవాళ్లు. మా వాదన ఎంత ముదిరినా చివరికి, వచ్చే వారం ఏ ఊళ్లో ఎవరింటికి పుస్తకానికి పోవాలి అనే చోటికే వచ్చేది.

ఎందుకంటే వెనక్కి పోయినకొద్దీ గ్రంథాలయాల్లో దొరకలేదు. మనుషుల్ని అడగాల్సి వచ్చింది. అడిగితే ఇచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్లకి దణ్ణం. తాడేపల్లిలో ఒక పెద్దావిడ, చనిపోయిన భర్త పుస్తకాన్ని కొత్త రవికెగుడ్డలో చుట్టి, బొట్టు పెట్టబోయి, మీవాళ్లు పెట్టుకుంటారో లేదో అని ఆగి, చెయ్యి మాత్రం పట్టుకుని ఇచ్చింది. చీమకుర్తిలో రాళ్ల లారీల దగ్గర గుమాస్తాగా ఉన్న పాత శిష్యుడొకడు ఎక్కడో సంపాదించి, లారీ డ్రైవరు చేత తువ్వాలలో కట్టి పంపాడు. తిరిగిచ్చేముందు టీచరమ్మ పేజీ పేజీకీ పొడిగుడ్డతో తుడిచేవాళ్లు. అయినా ఘాటు పోదు. ఆ పుస్తకం ఎవరు తెరిచినా తుమ్మాల్సిందే. మా పల్లె చదివిందనటానికి అదే ముద్ర అని ఆవిడ మురిసిపోయేవాళ్లు.

అట్లా నడిచి నడిచి చివరికి ఒక్కటి మిగిలింది. తాత ఇసకలో దిద్దిన పదేళ్లు. అప్పటి పల్లెటూళ్ల సంగతులు రాసిన చిన్న పుస్తకమొకటి ఫలానా ఊళ్లో ఫలానా వారి బీరువాలో ఉందని, చిన్నప్పుడు తను చూశానని, ఒంగోల్లో రిటైరైన పాస్టరుగారొకరు చెప్పారు. ఆ రోజు టీచరమ్మ ముఖం చూడాల్సింది. మా తాత ఇసకలో దిద్దుతున్నప్పుడు ఆ ఊళ్లోవాళ్లు ఏం రాసుకుంటున్నారో, అందులో మనం ఉన్నామో లేమో, లేకపోతే లేమని తెలుస్తుంది కదరా అన్నారు.

ఇద్దరం వెళ్లాం. ఆ ఇంటాయన మర్యాదస్తుడు, అబద్ధం చెప్పకూడదు. అరుగు మీద కుర్చీలు వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. కిటికీలోంచి బీరువా కనిపిస్తోంది. వచ్చిన పని చెప్పారు టీచరమ్మ. ఆయన చాలా బాధపడుతున్నట్టే అన్నాడు:

"మా తాతగారి పుస్తకాలండీ. పూజలో పెడతాం. గడప దాటించకూడదని ఇంట్లో పట్టింపు. మీరు పెద్దవారు, ఎప్పుడైనా రండి, ఈ అరుగు మీద కూర్చుని చదువుకోండి. కుర్చీ వేయిస్తాను."

చిన్న పుస్తకం. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంటే అయిపోతుంది. ఇన్నేళ్ల పందెం అక్కడితో గెలిచినట్టే. ఒప్పుకుంటారేమోనని ఆవిడ వంక చూశాను. ఆవిడ మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "నేనొక్కదాన్నే చదివితే చదివినట్టు కాదండీ. అక్కడ మావాళ్లు కూర్చుని ఉన్నారు" అన్నారు.

"అయితే మీవాళ్లని కూడా..." అన్నాడాయన. అక్కడ ఆగిపోయాడు. మిగతా మాట మింగేశాడు. ఆ మింగిన మాట నా చెవిలో ఇవాళ్టికీ ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఊరుకోలేదు. పత్రికలో ఉతికి ఆరేస్తానన్నాను. వద్దన్నారు. తిట్టి తెచ్చిన పుస్తకం చదవబుద్ధి కాదు, అడిగే తెచ్చుకుందాం, ఆయన చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు అన్నారు. పల్లెకి పుస్తకం పోతే భయమెందుకండీ అన్నాను.

"పోతే కాదురా. తిరిగొస్తే దాన్ని మళ్లీ ఎక్కడ పెట్టాలా అని."

తర్వాత ప్రతి మిరప కోతలకీ ముందు ఆవిడ ఆ ఇంటికి పోయి అడిగారు. ప్రతిసారీ కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. కళ్లలో శుక్లాలొచ్చాయి, ఆపరేషనైంది, గాజుపెంకుల్లాంటి అద్దాలు పెట్టుకుని కూడా పోయారు. ఈలోగా ఈ ఎనభైల పదేళ్లకి కొత్త పుస్తకం ఒకటి చదివేశారు, ఎర్రకాయే అన్నారు కూడా. పాతది మాత్రం అట్లాగే నిలిచిపోయింది. కల్లంలో కూర్చోగానే సువార్తమ్మ, వచ్చిందా తాత పుస్తకం అని అడిగేది. లేదనటానికి ఆవిడకి సిగ్గేసేది. సిగ్గు ఎవరు పడాలి? ఆ ప్రశ్న మీకే వదిలేస్తున్నాను.

ఆసుపత్రిలో మంచం పక్కన నేను కూర్చున్నప్పుడు మాట చాలా సన్నగా వచ్చేది. నేను పోయాక అడగటం మానకండి అన్నారు. నువ్వు తిట్టకుండా అడుగు, అది నీ చేతకాదులే, అయినా ప్రయత్నం చెయ్యి అన్నారు. నవ్వటానికి కూడా ఓపిక లేదు. పెదవి మాత్రం కదిలింది.

క్షమించండి టీచరమ్మగారూ. నా చేతకాలేదు.

ఎందుకో చెబుతాను. సమాధుల దొడ్డికి ఆ ఇంటాయన కూడా కారులో వచ్చాడు. పెద్ద దండ తెచ్చాడు. ప్రార్థన అయ్యాక రెండు మాటలు చెప్పమంటే ముందుకొచ్చి, ఇంతటి చదువరి మన ప్రాంతంలో లేరని, అనుకున్నదంతా పూర్తి చేసుకుని పోయిన ధన్యురాలని చెప్పాడు. పక్కనున్నవాళ్లు తల ఊపారు.

వెనకనుంచి సువార్తమ్మ మామూలుగా, కేకేమీ వెయ్యకుండా అంది: "ఒకటి మిగిలిందయ్యా."

ఆయనకి వినపడింది. వినపడనట్టు చెప్పులు వేసుకుని కారెక్కాడు.

ఆడవాళ్లంతా కల్లంలోంచి పని మధ్యలో లేచి నేరుగా వచ్చారు. చేతులు కడుక్కునే వ్యవధి లేదు, కడిగినా మిరప ఘాటు ఒక్క కడుగుతో పోయేది కాదు. కాయలు ఏరిన చేత్తో కన్ను తుడుచుకుంటే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. అందుకని అరచేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, పెట్టె దిగుతుంటే వరసగా నిలబడి ఏడ్చారు. కన్నీళ్లు గడ్డాల దాకా కారి మట్టిలో పడుతున్నాయి. ఒక్కరూ తుడుచుకోలేదు.

ఇక నా డిమాండ్లు. సంతాప తీర్మానాలు నాకక్కర్లేదు, ఇవి కావాలి.

మీ బీరువాల తాళాలు తియ్యండి. తాళంచెవి కనపడకపోతే అద్దం పగలగొట్టండి.

పుస్తకం గడప దాటాలి. అరుగు మీద కుర్చీ వేస్తామనకండి.

గ్రంథాలయంలో పుస్తకం ఇవ్వటానికి కూలివాళ్లని పెద్ద ఉద్యోగి సంతకం తెమ్మని తిప్పకండి.

ఆ గ్రంథాలయం కూలిపని దిగిన తర్వాత తెరిచి ఉండాలి. పొలంలో మనుషులున్నప్పుడు తెరిచి, ఎవరూ రావటంలేదని రాసి పంపకండి.

పల్లె స్కూలుకి కథల పుస్తకాలు ఇవ్వండి. ఇంతకాలం తర్వాతైనా.

ఈ మిరప ఏరటం అయిపోయేలోగా ఆ పుస్తకం మా కల్లానికి రావాలి. చదవటానికి నేనొస్తాను. తీర్పు వాళ్లు చెబుతారు.

అప్పటిదాకా, ఆవిడ అనుకున్నది పూర్తి చేసుకుని పోయారని ఏ సభలోనూ ఎవరూ అనొద్దు.