మూడో కిటికీ, నాలుగు నిమిషాలు

మా బస్సులో సీటు ముందు ఎక్కినవాళ్ళది కాదు, కర్చీఫ్ వేసినవాళ్ళది. విస్సన్నపేట నుంచి నూజివీడు వెళ్ళే బస్సు మా ఊరి స్టాపులో ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, చున్నీలు, లంచ్ బ్యాగులు లోపలికి ఎగురుతాయి. ఈ విద్యలో మా వదినని మించినవాళ్ళు లేరు. వరసకి వదిన, నాకంటే ఏడాది పెద్ద, నూజివీడులో నర్సింగ్ చదివేది. కర్చీఫ్ మూలలో రాలిన మామిడి పిందె పెట్టి ముడి వేసి విసిరేది. ఆ బరువుకి అది నేరుగా వెళ్ళి ఎడమవైపు మూడో కిటికీ పక్క సీట్లో పడేది. నేను డిగ్రీలో రెండున్నరేళ్ళు నిలబడే వెళ్ళాను.

ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుగా బస్సు యాప్ చేస్తానని మేడంతో చెప్పినప్పుడు విద్యార్థుల సౌకర్యం, సమయం ఆదా అని పెద్ద మాటలే వాడాను. నా మనసులో ఉన్నది మాత్రం ఆ కిటికీ.

యాప్ సులువైనదే. బస్సెక్కిన వాళ్ళెవరైనా ‘ఎక్కాను’ అనే బటన్ నొక్కాలి. వాళ్ళ ఫోన్ ఎక్కడుంటే బస్సు అక్కడున్నట్టు మిగతా స్టాపుల వాళ్ళకి ఒక చుక్క కనపడుతుంది. మొదటి వారం మా బస్సు ఒకేసారి అయిదు ఊళ్ళలో కనపడింది, అది కూడా ఎక్కడా కదలకుండా. ఆరా తీస్తే, మావాళ్ళు ఇంట్లో పళ్ళు తోముకుంటూనే బటన్ నొక్కేస్తున్నారు.

“ఎక్కకుండా ఎందుకు నొక్కావురా?” అని మా క్లాసువాణ్ణి అడిగాను.

“ముందు నొక్కినోడికే కదా సీటు?” అన్నాడు వాడు, నాకేమీ తెలియదన్నట్టు జాలిగా చూస్తూ.

కర్చీఫ్‌ని ఫోన్లోకి తెచ్చేశారన్నమాట. తల పట్టుకుని, బస్సు వేగంతో కదలని ఫోన్‌ని లెక్కలోకి తీసుకోకుండా మార్చాను. అప్పటినుంచి చుక్క బుద్ధిగా రోడ్డు మీద నడిచింది.

అంతా సవ్యంగా నడుస్తుంటే నాకు తిన్నగా ఉండబుద్ధి కాలేదు. మా ఒక్క స్టాపుకి మాత్రం బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తున్నట్టు చూపించేలా చేశాను. ఎవరికీ బస్సు తప్పదు, ఎందుకంటే మా స్టాపులో కూరగాయల గంపలు ఎక్కించేదాకా బస్సు ఎటూ ఆగుతుంది. మిగతావాళ్ళు రొప్పుతూ వచ్చేసరికి నేను మూడో కిటికీ దగ్గర కూర్చుని, ఏమీ ఎరగనిదానిలా మామిడి తోటలు చూస్తుండేదాన్ని. వాళ్ళు డ్రైవర్‌ని తిట్టుకునేవారు. నాకు లోపల నవ్వు ఆగేది కాదు.

ఏప్రిల్‌లో తోటల్లో కోతలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం బస్సు దిగుతూ వదిన అంది: “రేపట్నుంచి పొద్దున్నే అమ్మతో తోటకెళ్తున్నానే. బంగినపల్లి గ్రేడింగు. బస్సు దగ్గరికొచ్చేదాకా పనిచేసుకోవచ్చు. నీ యాపుందిగా!”

“రేపు నీకు ప్రాక్టికల్స్ కదా వదినా?”

“తొమ్మిదింటికల్లా లోపలుండాలి. లేటైతే మళ్ళీ ఏడాదే. అయినా బస్సు ఎక్కడుందో నువ్వు చెప్తావుగా.”

ఆ రాత్రి యాప్ కోడ్ తెరిచాను. ఆ నాలుగు నిమిషాలు తీసేయాలనుకున్నాను. కానీ తీసేస్తే కిటికీ పోతుంది. గంపలు ఎక్కించేలోపు వచ్చేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని పడుకున్నాను.

మర్నాడు స్టాపులో ఒక్క గంప కూడా లేదు. కాలేజీ పిల్లలతో సహా అందరూ కోతలకి పోయారు, కూరగాయలు కోసేవాళ్ళు లేరు. నేను ఎక్కి నా సీట్లో కూర్చున్నానో లేదో, కండక్టర్ “రైట్ రైట్” అన్నాడు. కిటికీలోంచి చూస్తే తోట గట్టు మీద వదిన, ఒక చేతిలో తెల్ల కోటున్న కవరు, ఇంకో చేతిలో ఫోను. ఫోను చూసుకుంటూ నింపాదిగా నడిచొస్తోంది. తలెత్తి కదులుతున్న బస్సుని చూసి ఒక్కసారిగా పరుగందుకుంది. తర్వాతి బస్సు గంటన్నరకి గానీ లేదు.

“హోల్డాన్! ఆపండి!” అని అరుస్తూ లేచి ముందుకి పరిగెత్తాను.

“ఏంటమ్మా, యాపు పెట్టిందానివి, టైమ్ నువ్వే చెప్పాలి మాకు!” అని విసుక్కుంటూనే కండక్టర్ బస్సు ఆపించాడు. బతికాననుకుని వెనక్కి తిరిగేసరికి, నా సీట్లో ధప్పుమని ఒక కర్చీఫ్ పడింది, పిందెతో సహా. పరీక్ష తప్పిపోతున్నా వదిన గురి తప్పలేదు.

ఎక్కి, ఆ సీట్లో కూలబడి, చేతులకంటిన మామిడి సొన కర్చీఫ్‌తో తుడుచుకుంటూ అంది: “నీ యాపు ఇంకా నాలుగు నిమిషాలంటోందే! నువ్వు ఆపబట్టి గానీ, లేకపోతే నా పని అయిపోయేది. బంగారు తల్లివి.”

ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువగా తగిలింది. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పేశాను. “యాపు తప్పు కాదు వదినా. నేనే పెట్టాను. సీటు కోసం.”

“ఇవాళేనా?”

“రెండు నెలల నుంచి.”

ఏడుపొచ్చేలా ఉంది నాకు. వదిన తన బ్యాగు, కోటు కవరు తీసి నా చేతుల్లో పెట్టింది. నిలబడ్డవాళ్ళ బరువు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవడం మా బస్సు పద్ధతి. ఆ రోజు మాత్రం నేనే రెండు బ్యాగులూ మోస్తూ, ప్రతి మలుపుకీ తూలుతూ, నూజివీడు దాకా నిలబడ్డాను. బస్సంతా వింతగా చూసింది.

దిగాక వదిన కోటు తొడుక్కుని, బ్యాగు లాక్కుని, “రేపు కూడా తోటలోనే ఉంటా” అని మాత్రం అని పరీక్షకి పరిగెత్తింది. నేను బస్టాండులోనే నిలబడి నాలుగుని సున్నా చేశాను.

మర్నాడు బస్సు యాపులో చూపించిన నిమిషానికే వచ్చింది. అదే నిమిషానికి నా చెవి పక్కనుంచి పిందె కట్టిన కర్చీఫ్ ఒకటి దూసుకుపోయింది.