తమ్ముడు ఒకటేనన్న రెండు మాటలు

1983 మార్చి, ఒక శనివారం పొద్దున పదిన్నర. డాలస్ బస్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్నావిడ ఇండోనేషియాలోని లంబోక్ దీవి మనిషి. వాళ్ళది సాసక్ భాష. మా కోడలు శాంత ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడి నాకు చెప్పింది.

ఎవరో ప్రొఫెసర్ వాళ్ళ ఊరి మాటలకు అర్థాలు రాసి పుస్తకం వేస్తున్నాడట. తినడానికి మామూలుగా ‘మంగాన్’ అంటారు, పెద్దవాళ్ళకైతే ‘మెదరాన్’ అనాలి. ఆ తేడా ఈవిడ చెబుతుంటే, ఈ పాత మర్యాదలు వింటే నవ్వుతారని సొంత తమ్ముడే అడ్డుపడి, “రెండూ ఒకటే, రాసుకోండి” అన్నాడట. మగవాడి మాట కదా, ప్రొఫెసర్ అదే రాసుకున్నాడు.

“మా పాస్టరుగారిని భోంచేయండనకుండా మెక్కమంటే ఊరుకుంటారా? అక్షరం రాని నాకే తెలుసు. నీ తమ్ముడికి తెలీదా?” అన్నాను.

శాంత అడిగి చెప్పింది: “ఈవిడ పాప ఇక్కడే పుట్టిందట, అత్తయ్యా. రేపు వాళ్ళ భాష ఆ పుస్తకం చూసే నేర్చుకుంటుందని ఆవిడ బాధ.”

అంతలో తినడానికేదైనా తెస్తానని వెళ్ళిన ఆ తమ్ముడు శాండ్‌విచ్ తెచ్చాడు. నడుం వంచి, కుడిచేత్తో అక్కకు అందిస్తూ, “మెదరాన్” అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. శాండ్‌విచ్ అందుకోలేదు.

ఆ రోజు అక్కడున్నది మరియమ్మనైన నేను, మా కోడలు శాంత, పేరు అడగని ఆ అక్క, మాట తెలిసిన ఆ తమ్ముడు.